మా ఇంట్లో తీసిన నెయ్యి సీను

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలన్నీ సింకులో పడేసి హాల్లోకి వచ్చేసరికి టీవీలో మా సినిమా వస్తోంది. మా సినిమా అంటే నేను తీసిందీ కాదు, నేను నటించిందీ కాదు. ముప్పై ఏళ్ళ పైమాటే, భీమవరానికి పది మైళ్ళ అవతల మా ఊళ్ళో, మా ఇంట్లో, పద్దెనిమిది రోజులపాటు తీసిన సినిమా. ఒక పెద్ద ఇల్లు, దాన్నిండా జనం, ఎవరికెవరు ఏమవుతారో హీరోకే సరిగ్గా తెలియదు, అందరికీ కలిపి ఒకటే స్నానాల గది, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఆ గందరగోళంలో పడి వారం రోజులైనా బయటపడలేరు. అదీ కథ. మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు మాత్రం చెప్పను. చెబితే అందరూ అడిగేదే మీరూ అడుగుతారు, ఆ హీరోయిన్ నిజంగా మీ ఇంట్లోనే పడుకునేదా అని.

పడుకునేది కాదు. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను. ఆవిడ పొద్దు వాలగానే కారెక్కి భీమవరంలో హోటలుకి వెళ్ళిపోయేది. నేను మాత్రం మా స్కూలు స్టాఫ్ రూములో ఆవిడ నా మంచం మీదే పడుకుందనీ, నా ఓణీ కట్టుకునే పాటలో గెంతిందనీ, చద్దన్నంలో ఆవకాయ కలిపి పెడితే కళ్ళనీళ్ళు పెట్టుకుందనీ చెబుతూ వచ్చాను. ఒకసారి చెప్పినదాన్ని రెండోసారి అలాగే చెప్పడం నాకు చేతకాదు, అదొక జబ్బు. అలా ఏటేటా పెరిగి పెరిగి, కిందటేడాదికి ఆవిడ వెళ్ళేటప్పుడు మా గేదెని తోలుకెళ్తానని మారాం చేసినదాకా వచ్చింది కథ. మా తెలుగు మాస్టారు ఒక్కడే, గేదె పేరేమిటండీ అని అడిగాడు. అదీ చెప్పాను.

ఆ సినిమా ఎప్పుడొచ్చినా నేను ఫోన్ పట్టుకుని పదిమందికి చెప్పేదాన్ని. ఈసారి మాత్రం సోఫాలో కూర్చుని గోడ వంక చూసినట్టు చూశాను. మా బాబాయి పోయి పదమూడు రోజులైంది. పదకొండో రోజు భోజనాలకి నేను వెళ్ళొచ్చాను, నాన్న రాలేదు. అమ్మ పోయాక నాన్న నా దగ్గరే, భీమవరంలో మా అపార్టుమెంటులో ఉంటున్నారు. ఎనభై ఒకటి దాటాయి. తమ్ముడు పోయాడన్న కబురు వచ్చిన దగ్గర్నుంచీ మైల పట్టారు, గడ్డం గీసుకోలేదు, పదో రోజున తలస్నానం చేశారు, చేయవలసినవన్నీ ఇంట్లోనే ఉండి చేశారు, నాలుగు వీధుల అవతల ఉన్న తమ్ముడింటికి మాత్రం వెళ్ళలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని, మా పాత ఇంటి నడవలో హీరో తువ్వాలు కోసం పరిగెత్తడం చూస్తున్నారు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పక్క ఫ్లాటులోనూ అదే చానెలు పెట్టినట్టున్నారు, గోడ అవతలనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇరవై రెండు మందిమి. పేర్లన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. మా మామ్మ, ఆవిడ పెద్దకొడుకు మా నాన్న, చిన్నకొడుకు మా బాబాయి, అమ్మ, పిన్ని, నేను, ఈ ఆరుగురు చాలు. తక్కినవాళ్ళంతా చుట్టరికం ఏదో ఒకటి చెప్పుకుని వచ్చి ఉండిపోయినవాళ్ళు. పొద్దున్నే స్నానాల గది ముందు తువ్వాళ్ళు వరసగా పరిచి ఉండేవి, ఎవరి తువ్వాలు ముందుంటే వాళ్ళ వంతు. ఒకసారి తద్దినానికొచ్చిన పురోహితుడుగారు తెలియక ఒక తువ్వాలు తీసి తుడుచుకున్నారని ఆ వేళ వరసంతా తారుమారై, కాలేజీకి వెళ్ళాల్సినవాళ్ళంతా పదకొండింటికి బయల్దేరాం. ఇది నిజం. నమ్మకపోతే మీ ఇష్టం.

సినిమా మేనేజరు ఊరూరా పెద్ద ఇల్లు వెతుక్కుంటూ మా అరుగెక్కినప్పుడు, ఆయన నోరు విప్పేలోపే మా పిన్ని మంచినీళ్ళిచ్చింది, మామ్మ ఆకు వేయించింది, భోజనం చేసి లేచేసరికి మూడైంది. చేతులు తుడుచుకుంటూ ఆయన డైరెక్టరుగారితో ఫోనులో అన్నమాట నేను స్వయంగా విన్నాను: "ఇల్లు దొరికిందండి. సెట్టు వెయ్యక్కర్లేదు, జనం కూడా ఉన్నారు."

ఆయనకి తెలియనిది ఒకటుంది. ఆ ఇంట్లో అప్పటికి నాలుగు నెలలై నాన్నా బాబాయీ మాట్లాడుకోవడం లేదు.

ఆ ఏళ్ళల్లో మా వైపు ఎక్కడ చూసినా వరి చేలు రొయ్యల చెరువులవుతున్నాయి. మా బాబాయి కాలవ పక్క ఎకరాలని చెరువుకి ఇచ్చేస్తానని ఎవరితోనో మాట అనేసుకున్నాడు. అన్నతో చెబుదామనుకుంటూనే వాయిదా వేశాడో, భయపడ్డాడో తెలియదు. నాన్న ఒకరోజు పొద్దున్న చేలోకి వెళ్ళేసరికి గట్టు మీద చెరువు తవ్వే మిషను నిలబడి ఉంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ క్షణం నుంచి తమ్ముడితో మాట మానేశారు. తవ్వడం ఆగిపోయింది. మాటా ఆగిపోయింది.

మన తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒకే కప్పు కింద అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే ఇంటి పనులు ఆగవు, మధ్యలో ఒక మనిషి తిరగాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో ఏడు. "అమ్మాయ్, మీ బాబాయికి చెప్పు, గడ్డివాము మీద పరదా కప్పమని" అనేవారు నాన్న. బాబాయి అక్కడే, నాలుగడుగుల దూరంలో పళ్ళు తోముకుంటూ ఉండేవాడు. వినపడనట్టే ఉండేవాడు. నేను ఆ నాలుగడుగులూ నడిచి వెళ్ళి, అదే మాట చెబితేగాని ఆయనకి వినపడినట్టు లెక్క కాదు. చాటుగా ఉన్నప్పుడు మాత్రం నేను ఉన్నదున్నట్టు మోసేదాన్ని కాదు. "కళ్ళుంటే దూడ ఎటు పోయిందో చూసుకోమను" అని నాన్న అంటే, "దూడ కనపడట్లేదు బాబాయ్, నువ్వయితే ఇట్టే పట్టుకొస్తావంటున్నారు నాన్నగారు" అని చెప్పేదాన్ని. "నేనేమన్నా మీ నాన్న దగ్గర పాలేరునా" అని బాబాయి అంటే, అది నాన్న దగ్గరికి వెళ్ళేసరికి "బయల్దేరాడండి, మిమ్మల్ని ఎండలో తిరగొద్దన్నాడు" అయ్యేది. అబద్ధాలు నేర్చుకోడానికి నాకింతకన్నా మంచి బడి దొరకలేదు.

ఈ మౌనం బరువంతా మోసింది మా మామ్మ. కొడుకులిద్దరూ తిన్నాకగాని ఆవిడ తినదు. పెళ్ళై వచ్చిన్నాటి నుంచీ మగవాళ్ళు తిన్నాకే తినే అలవాటు. ఇదివరకు పన్నెండున్నరకల్లా అందరూ ఒకే పంక్తిలో కూర్చునేవారు, ఒంటిగంటకి ఆవిడ భోజనం అయిపోయేది. ఇప్పుడు నాన్న తిని, లేచి, మేడ ఎక్కాకగాని బాబాయి గుమ్మంలోకి రాడు. ఒక్కోరోజు మూడున్నర. ఎనభై దగ్గరపడుతున్న మనిషి, అప్పటిదాకా వంటింటి గుమ్మంలో గోడకానుకుని కూర్చునేది. నాలుగు నెలల్లో ఆవిడ చీర కుచ్చెళ్ళు రెండు ఎక్కువయ్యాయి. మా అమ్మ రోజూ బతిమాలేది, "మీరు తినేద్దురూ అత్తయ్యగారూ" అని.

"వాళ్ళిద్దరూ ఒక పంక్తిలో కూర్చున్నరోజు నేనూ వేళకి తింటానే. లేదూ, ఇలాగే పోతాను. నీకేం నష్టం?" అనేది మామ్మ.

ఇలాంటి ఇంట్లోకి సినిమావాళ్ళు దిగారు. మొదటి వారమంతా మా వాళ్ళ మర్యాదలతోనే సరిపోయింది. లైట్లు పట్టుకునేవాళ్ళని పిలిచి పెరుగన్నాలు పెట్టేవారు, వాళ్ళు కునికిపాట్లు పడేవారు, హీరో ముఖం మీద నీడలు పడేవి. తొమ్మిదో రోజున భోజనాల సీను అన్నారు. నడవలో బారుగా అరిటాకులు, హీరో వెనక వరసలో ఇంటివాళ్ళంతా. డైరెక్టరుగారి కన్ను నాన్న మీదా బాబాయి మీదా పడింది. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే బట్టతల. "ఈ ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. అన్న నెయ్యి పోస్తూనే ఉండాలి, తమ్ముడు చాలు చాలంటూ చేతులడ్డం పెట్టాలి" అన్నాడు.

నాన్న మేడ దిగనన్నారు. బాబాయి పశువుల పాకలోంచి రానన్నాడు. డైరెక్టరుగారు పోనీలెండి, వేరే ఎవరినైనా చూద్దాం అనేలోగా నేను మామ్మ ముఖం చూశాను. ఆవిడ వంటింటి గుమ్మంలో లేచి నిలబడి ఉంది. నేను మేడెక్కాను.

"నాన్నగారూ, బాబాయి కబురంపాడు. అన్నయ్య పక్కన అయితేనే కూర్చుంటానంటున్నాడు."

ఆయన నా ముఖంలోకి చూసి, ఉత్తరీయం భుజాన వేసుకున్నారు. నేను దిగి, వంటింటి దారిన పాకలోకి పరిగెత్తి, "బాబాయ్, నాన్నగారు నిన్ను పిలుచుకురమ్మన్నారు, తమ్ముడు లేకపోతే నేను కూర్చోనంటున్నారు" అన్నాను. బాబాయి చేతిలో తవుడు బకెట్టు అలాగే ఉండిపోయింది. "నిజంగానే?" అన్నాడు. "మామ్మ మీద ఒట్టు" అన్నాను. అప్పుడంత తేలిగ్గా వేసేదాన్ని ఒట్లు.

ఇద్దరూ వచ్చి పక్కపక్కన కూర్చున్నారు. సినిమావాళ్ళు గిన్నెలో నెయ్యికి బదులు పసుపు నీళ్ళు తెచ్చారు. మామ్మ వాసన చూసి, ఆ నీళ్ళు పెరట్లో పారబోయించి, అసలు నెయ్యి కాయించింది. "ఒరే అబ్బాయ్, మా ఇంట్లో ఆకులో దొంగ నెయ్యి పోస్తే ఆ ఆకేమనుకుంటుందిరా?" అని డైరెక్టరునే అడిగింది. ఆయన దణ్ణం పెట్టాడు. మామ్మ అంతటితో ఆగలేదు. ఆకు ముందు కూర్చున్నవాడు తినకుండా లేవకూడదన్నది మా ఇంటి పద్ధతి. కట్ అన్నా సరే, ఆకు ఖాళీ కావలసిందే; అప్పుడు మళ్ళీ కొత్త ఆకు, మళ్ళీ అన్నం, ముద్దపప్పు, నాన్న చేతి నెయ్యి, మళ్ళీ కెమెరా. ఒకసారి హీరోకి పొలమారింది, ఒకసారి కోడి అడ్డమొచ్చింది, ఒకసారి కరెంటు పోయింది. ఏడుసార్లు తీశారు. నేను స్టాఫ్ రూములో పదకొండని చెప్పాను, కాదు, ఏడే. హీరో నాలుగోసారికే చేతులెత్తేసి గోడకి జారబడ్డాడు. మా బాబాయి మాత్రం తల్లి చూస్తోందని ఏడు ఆకులూ తుడిచాడు.

ఆరోసారి నేను పప్పు గిన్నె పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాను. నాన్న నెయ్యి పోయడానికి వంగి, పెదాలు కదిలీ కదలనట్టు, "ఇంక తినకురా, చచ్చిపోతావు" అన్నారు. నాలుగు నెలల్లో తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట.

"నువ్వు పొయ్యకు మరి" అన్నాడు బాబాయి. అని, ఆపుకోలేక నవ్వేశాడు. నాన్న చేతిలో గిన్నె వణికింది, ఆయనా నవ్వుతున్నారు.

సినిమాలో పెట్టింది ఆ ముక్కే. మాటలు మాత్రం తరవాత ఎవరిచేతో చెప్పించారు. తెర మీద మా నాన్న పెదాలు కదులుతాయి, ఎవరిదో బొంగురు గొంతు "ఇంకాస్త వేసుకోరా తమ్ముడూ" అంటుంది. అక్కడే జనం నవ్వుతారు.

ఆ రోజు మామ్మ ఒంటిగంటకి భోజనం చేసింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది.

భోజనాలయ్యాక మగవాళ్ళంతా అరుగు మీద తాంబూలాలు వేసుకుంటున్నారు. షూటింగు చూడ్డానికొచ్చిన మా మేనమామ ఊరుకోవచ్చా? ఊరుకోడు, వేళాకోళం మనిషి. "ఏం బావగారూ, మొత్తానికి తమ్ముడుగారు దిగొచ్చారన్నమాట" అన్నాడు.

నాన్న వక్కపొడి నోట్లో వేసుకుని, నెమ్మదిగానే, "వాడే కబురంపాడు" అన్నారు.

బాబాయి తలెత్తాడు. "నేనా? నేనెప్పుడు కబురంపాను? నువ్వు రమ్మంటేనే కదా వచ్చాను."

"నేను రమ్మన్నానా?"

"మరి? నీ అంతట నువ్వు పిలిచావనే కదా, ఏడు ఆకులు తిన్నది!"

తరవాతి మాటలు నేను రాయను. చెరువు వచ్చింది, మిషను వచ్చింది, నలుగురిలో పరువు తీశావని ఆయనా, తీసింది నువ్వేనని ఈయనా. నేను కిటికీ అవతల, గదిలోనే ఉన్నాను. బయటికొచ్చి, నేనే చెప్పాను, ఇద్దరికీ నేనే చెప్పాను అంటే సరిపోయేది. ప్రతిదానికీ ఒక కథ సిద్ధంగా ఉండే నాకు ఆ ఒక్క నిజం నోట్లోంచి రాలేదు. హీరోయిన్ పిలుస్తోందని ఎవరితోనో అని, పెరట్లోకి వెళ్ళిపోయాను. వింతేమిటంటే, ఆ వేళగాని ఆ తరవాతగాని ఇద్దరిలో ఒక్కరు కూడా నన్ను పిలిచి అడగలేదు.

షూటింగువాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిన నెలకి బాబాయి, పిన్ని, పిల్లలు భీమవరం వచ్చేశారు. సినిమా విడుదలైనప్పుడు మేము మ్యాట్నీకి వెళ్ళాం, వాళ్ళు ఫస్ట్ షోకి వెళ్ళారు. మామ్మ మాతో వచ్చి చూసి, బయటికొచ్చి, హాలు ముందే నిలబడి, వాళ్ళతో మళ్ళీ లోపలికి వెళ్ళింది. మాతో చూసినప్పుడు నెయ్యి సీను రాగానే కుర్చీలోంచి లేచి నిలబడింది, వెనకవాళ్ళు కూర్చో కూర్చో అని అరిచారు. వాళ్ళతోనూ అలాగే లేచిందని తరవాత పిన్ని చెప్పింది. ఆ తరవాత ఆవిడ నాలుగేళ్ళుంది. ఎవరు తిన్నా తినకపోయినా, పెట్టినప్పుడు తినేది. ఆవిడ పోయినప్పుడు కొడుకులిద్దరూ పక్కపక్కనే నిలబడి కర్మ చేశారు, మంత్రాలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఇవాళా ఆ సీను వచ్చింది. మూడు నాలుగు క్షణాలే ఉంటుంది. బాబాయి నవ్వాడు, నాన్న చెయ్యి వణికింది, బొంగురు గొంతు వాళ్ళ మాట అంది, గోడ అవతల నవ్వారు. తరవాత ప్రకటనలు. నాకు ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. సబ్బు ప్రకటన వస్తుండగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పేశాను.

"నాన్నగారూ, ఆ రోజు బాబాయి కబురంపలేదు. నేనే కల్పించాను. ఆయనకీ అలాగే చెప్పాను."

ఆయన టీవీ వంకే చూస్తున్నారు. "తెలుసు" అన్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు మేడెక్కినప్పుడే. వాడు అడిగే రకం కాదని నాకు తెలీదటే? నీ ముఖం చూస్తే తెలీదా?"

"మరి ఎందుకు దిగొచ్చారు?"

ఆయన రిమోటు తీసుకుని టీవీ శబ్దం తగ్గించారు. "వాడికీ తెలుసనుకున్నాను. అరుగు మీద వాడే కబురంపాడని నేనన్నప్పుడు, వాడు ఊఁ అంటే అయిపోయేది. వాడు నిజమనుకుని వచ్చాడు, పిచ్చివెధవ" అన్నారు.

నేను ముప్పై ఏళ్ళు మోసిన బరువు దిగిందని మీరనుకుంటారు. దిగిందో లేదో నాకు తెలియలేదు. కుర్చీ చేతి మీద ఆయన వేళ్ళు చూస్తూ కూర్చున్నాను.

"మొన్న భోజనాల్లో మీ పిన్ని నా గురించి ఏమన్నా అడిగిందా?" అన్నారు.

పిన్ని అడగలేదు. ఆ రోజు ఆవిడ ఎవరి గురించీ ఏమీ అడగలేదు. ఒక మూల చాప మీద కూర్చుని, వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని వదిలేస్తూ ఉంది.

"అడిగింది. బావగారు రాలేదేమని రెండుసార్లు అడిగింది" అన్నాను.

నాన్న అప్పుడు నా వైపు తిరిగారు. పంతొమ్మిదేళ్ళప్పుడు మేడ మీద చూసినట్టే, తీరిగ్గా చూశారు. "రేపు సోమవారమే కదా, పరామర్శకి పరవాలేదు. ఉతికిన పంచె ఒకటి తీసిపెట్టు" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి పిన్నికి ఫోన్ చేశాను. నాన్నగారు రేపు వస్తానంటున్నారు, నువ్వు అడిగావని చెప్పాను అన్నాను. "పన్నెండున్నరకల్లా రమ్మను. భోజనానికి" అంది పిన్ని.

ఇప్పుడు అన్నదమ్ముల మధ్య రాయబారాలు మోసే పని ఎవరికీ లేదు. అందరి నంబర్లూ అందరి దగ్గరా ఉన్నాయి. మాట్లాడాలనిపిస్తే నేరుగా మాట్లాడతారు, లేకపోతే లేదు. బాబాయి నంబరు నాన్న ఫోనులో నేనే వేసిచ్చాను, ఆయన తీసెయ్యలేదు, నొక్కనూ లేదు. మా ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టి కట్టుకున్నారు. ఆ నడవ చూడాలంటే ఇప్పుడు సినిమాలోనే చూడాలి. ఆ నడవలో ఇరవై రెండు మందిమి ఉండి, ఒక చిన్న అబద్ధాన్ని సాయంత్రం దాకా నిలబెట్టుకోలేకపోయాం. రేపు మేం ముగ్గురమే.